మూత లోపలి పువ్వు

నలభై రెండేళ్ళు నేను ఒకటే పువ్వు వేశాను.

ట్రంకు పెట్టెల షాపులో నా పని అది. రేకు కోసేవాడు కోస్తాడు, వంచేవాడు వంచుతాడు, గొళ్ళేలు బిగించేవాడు బిగిస్తాడు. చివరికి పెట్టె నా దగ్గరికొస్తుంది. పలక బ్రష్షుకి ఒక అంచున ఎరుపు, ఇంకో అంచున తెలుపు ముంచుకుని మణికట్టు అయిదుసార్లు తిప్పితే పువ్వు. రెండుసార్లు ఆకుపచ్చ లాగితే ఆకులు. పక్కవాడితో ఒక మాట మాట్లాడేలోగా అయిపోతుంది. నేను మాట్లాడను కాబట్టి ఇంకా ముందే అయిపోతుంది.

ఆ పువ్వు ఏ చెట్టుదో నాకు తెలియదు. గులాబీ అనుకునేవాళ్ళు అనుకుంటారు. పని నేర్పిన మేస్త్రిని ఒకసారి అడిగాను. "పెట్టె మీద పూసింది కాబట్టి పెట్టె పువ్వు. నీళ్ళు పొయ్యక్కర్లేదు, ఎండకి వాడదు. ఇంకేం కావాలిరా నీకు?" అన్నాడు. మళ్ళీ అడగలేదు. ఆయన నాకు చెప్పిన కట్టుబాట్లు మూడే. బ్రష్షుని కుచ్చు మీద నిలబెట్టకు. రంగు ఆరిందో లేదో మూత మూల మీద వేలి కణుపుతో తాకి చూడు, పువ్వు జోలికి పోకు. మూత లోపల రంగు వెయ్యకు, గాలాడని చోట రంగు ఆరదు.

మూడేళ్ళ నుంచీ పువ్వు స్టిక్కరుగా వస్తోంది. వెనక కాగితం ఊడదీసి మూత మీద పెట్టి గుడ్డతో నొక్కడమే. ఓనరు నన్ను పొమ్మనలేదు. "పువ్వులతో నీకే అలవాటు బాబాయ్, నువ్వే అంటించు" అన్నాడు. వారానికి నాలుగు రోజులు వెళ్ళి అంటిస్తాను.

నేనుండే కాంపౌండులో రెండే గదులు, ఎదురెదురుగా. మధ్యలో కుళాయి. ఎదుటి గదిలో నర్సమ్మ ఉండేది. పెద్దాసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయిన మనిషి. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆమె పెళ్ళి చేసుకోలేదు, నాది కుదిరి తప్పిపోయింది. ఈ రెండు సంగతులూ ఒకరికొకరం ఎప్పుడు చెప్పుకున్నామో గుర్తు లేదు.

పదహారేళ్ళలో మా మధ్య నడిచిందంతా ఖాళీ డబ్బాలే. షాపులో పెయింటు డబ్బా ఖాళీ అయితే తెచ్చి ఆమె గుమ్మం పక్కన పెట్టేవాణ్ణి. పెట్టానని నేను చెప్పేవాణ్ణి కాదు, తీసుకున్నానని ఆమె చెప్పేది కాదు. రెండు రోజులకి డబ్బా అడుగున మేకుతో చిల్లులు పడి, మట్టి నిండి, అందులో ఏదో ఒక మొక్క నిలబడి ఉండేది. బంతి, బిళ్ళగన్నేరు, కాశీరత్నం. ఎక్కువగా చంద్రకాంత. స్టిక్కర్లు వచ్చాక డబ్బాలు ఆగిపోయాయి. ఒకరోజు కుళాయి దగ్గర ఆమే అడిగింది.

"ఏమయ్యా పెయింటరూ, డబ్బాలు రావడం లేదు. అలిగావా?"

"స్టిక్కర్లమ్మా."

"అంటే?"

"అంటించే పువ్వులు."

"ఓహో. సూది మానేసి మాత్రలిచ్చినట్టన్నమాట" అని బిందె ఎత్తుకుని వెళ్ళింది.

ఈ వానలు మొదలైన వారం ఆమె ఒక పాత రేకు పెట్టె ఈడ్చుకుంటూ నా గుమ్మం ముందుకి తెచ్చింది. తుప్పు పట్టి గొళ్ళెం ఊగుతోంది.

"నా మొదటి డ్యూటీ నాడు కొన్న పెట్టె ఇది. చెల్లెలు రమ్మంటోంది. మోకాళ్ళు ఇక ఒంటరిగా ఉండనివ్వవు. ఆదివారం పొద్దున్న వ్యానొస్తుంది. దీనికి రంగెయ్యి."

సరేనన్నాను. ఇంకేదో అనాలని తెలుసు. రాలేదు.

"బయటంతా నల్లగా వేసి ముందువైపు నా కొత్త అడ్రసు రాయి. పువ్వు మాత్రం మూత లోపల వెయ్యి."

"లోపల వెయ్యమమ్మా. ఆరదు."

"వారం ఉంది కదా. వారంలో పుండే ఆరుతుంది, నీ రంగు ఆరదా?"

"బయట వేస్తాను."

"బయట వేస్తే వ్యానువాళ్ళు చూస్తారు. చూడాల్సింది నేను. ఇంకో మాట. నీ పెట్టె పువ్వు వద్దు. మా ఆసుపత్రిలో ఆయాల పెట్టెల మీదా, వార్డుబాయి పెట్టె మీదా అదే. దాన్ని చూస్తే డ్యూటీకి లేటయినట్టుంటుంది. ఇది కావాలి నాకు." డబ్బాల్లో చంద్రకాంత మొక్కల్ని చూపించింది. "అక్కడ మూడో అంతస్తు. పిడికెడు మట్టి ఉండదు. సాయంత్రం ఇవి పూసే వేళకి మూత తీసుకుని చూసుకుంటా."

తర్వాత లోపలికెళ్ళి ఒక తెల్ల కోటు తెచ్చింది. ఆమె నర్సు కోటు. మడత మీద మడత, కాగితంలా ఉంది.

"అన్నిటికంటే పైన ఇది పెడతాను. ఇంత సర్వీసులో దీని మీద ఒక్క మరక నిలవనివ్వలేదు. నేను పోయిన రోజు ఇదే తొడిగి పంపమని చెల్లెలికి చెప్పా. అందుకని పెట్టె లోపల తుప్పు శుభ్రంగా గీకు. దీనికి అంటకూడదు."

ఆ సాయంత్రమే గీకాను. ప్రైమరు పూశాను. మరునాడు బయట నలుపు, మూత లోపల బూడిదరంగు. బూడిదరంగు కోసం డబ్బా మూతలో నలుపూ తెలుపూ కలుపుతుంటే, ఎదురుగా కుళాయి వెనక గోడ కనిపించింది. వానకి తడిసి, పొద్దువాలే వెలుగులో ఆ గోడ ఉత్త బూడిదగా లేదు. కొంచెం నీలం ఉంది, కింద నాచు దగ్గర కొంచెం పచ్చ. పదహారేళ్ళుగా దాని ముందు నిలబడి పళ్ళు తోముకుంటున్నాను. ఒక చుక్క నీలం కలిపాను.

మూడోనాడు షాపు నుంచి అయిదింటికి వచ్చి పీట వేసుకుని చంద్రకాంతల ముందు కూర్చున్నాను. పగలంతా అవి మెలితిప్పిన గుడ్డ ఒత్తుల్లా ఉంటాయి. ఆ వేళకి ఒక్కొక్కటీ మెలి విప్పుకుంటుంది. నేను పువ్వంటే అయిదు రెక్కలనుకునేవాణ్ణి. దీనికి రెక్కలు లేవు. అంతా ఒకటే గుడ్డ, గొడుగు విప్పినట్టు, అంచున అయిదు నొక్కులు. ఒకే కొమ్మకి ఒకటి ఎర్రది, పక్కది పసుపు, ఇంకోటి ఎరుపు మీద పసుపు చిలకరించింది. ఆ చిలకరింపు ఏ రెంటికీ ఒకలా లేదు. ఏ పెయింటరూ ఒక కొమ్మకి అన్ని రంగులు వెయ్యడు, వేస్తే ఓనరు తిడతాడు.

పాత రేకు ముక్క ఒడిలో పెట్టుకుని బ్రష్షు ముంచాను. పువ్వు వంక చూశాను. చెయ్యి అయిదుసార్లు తిరిగింది. చూసుకుంటే పెట్టె పువ్వు.

తుడిచి మళ్ళీ వేశాను. మళ్ళీ పెట్టె పువ్వే. సన్న బ్రష్షు తీసుకున్నాను. సన్నటి పెట్టె పువ్వు వచ్చింది. నర్సమ్మ వెనక నిలబడి చూస్తోందని నవ్వినప్పుడు తెలిసింది.

"కళ్ళు దాన్ని చూస్తున్నాయి, చెయ్యి షాపులోనే ఉంది" అంది.

మరునాడూ అంతే. రేకు ముక్కలు అయిపోతున్నాయి. షాపులో స్టిక్కర్లు అంటిస్తూ కూడా ఆ గొడుగు అంచే ఆలోచించాను. ఎవరైనా పలకరిస్తే విసుగ్గా ఉంది. రాత్రి తిండి తినేటప్పుడు కంచం పక్కన నీళ్ళలో వేలితో గీసి చూశాను. వేలు కూడా అయిదుసార్లే తిరిగింది. ఆమె నన్ను అడిగింది ఈ ఒక్కటే. ఆదివారం వ్యానొస్తుంది. ఆమె ఆ మూత తీసినప్పుడల్లా అందరి పెట్టెల మీదా ఉన్న పువ్వే కనబడితే, పదహారేళ్ళు ఎదురుగా ఉన్నవాడు ఆమెని ఒక్కసారీ చూడలేదనే కదా.

గురువారం ఆమే స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"పక్షవాతం వచ్చినవాళ్ళకి ఎడం చేత్తో తినడం నేర్పేదాన్ని. ఏడ్చేవాళ్ళు. నేను చెప్పేదాన్ని, కుడిచెయ్యి ముసలిదయ్యా, దానికన్నీ తెలుసనుకుంటుంది. ఎడమది పసిపిల్ల. చెప్పిన మాట వింటుంది అని."

బ్రష్షు చెయ్యి మార్చాను.

పువ్వు రాలేదు. ఒక వంకర గీత వచ్చింది. కానీ పెట్టె పువ్వు కూడా రాలేదు. ఎడమచేతికి ఎటు తిరగాలో తెలియదు, అందుకని అది ప్రతి కొంచెం దూరానికీ ఆగి పువ్వు వంక చూడమని నన్ను అడిగేది. చూసి చెప్పేవాణ్ణి. అంచు ఇక్కడ లోపలికి పోయింది. ఇక్కడ నీడ పడింది. గొట్టం సన్నగా ఉంది.

"పిల్లి నడిచినట్టుంది" అంది నర్సమ్మ.

"ఊఁ."

"అయినా ఏదో చెట్టుకి పూసినట్టుంది."

శుక్రవారమంతా వాన. పూలు విచ్చుకోకుండానే చితికి, తడి మట్టికి అతుక్కున్నాయి. ఆ రోజు కుడిచేత్తో అడ్రసు రాశాను. ఆమె కాగితం మీద రాసిచ్చింది, నేను చూసి తెల్లరంగుతో దించాను. నా చదువు మూడో క్లాసుతో ఆగింది. అక్షరాలు చదవాలంటే తడుముకుంటాను. గియ్యమంటే ఎన్నయినా గీస్తాను.

శనివారం నాలుగున్నరకి వాన వెలిసింది. గోడ పక్క డబ్బాలో ఒక్క మొగ్గ మిగిలింది. అది మెలి విప్పుకునేసరికి అయిదు దాటింది. ఎరుపు మీద పసుపు, ఒక పక్క మాత్రం నిండా పసుపు. పెట్టె మూత వెనక్కి వాల్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమచేత్తో వేశాను. ముందు ఒక రేకు ముక్క మీద, అది కుదిరిందనిపించగానే తడి ఆరకుండానే మూత మీద. ఎడమచేతికి ఎంత రంగు ముంచుకోవాలో కొలత తెలియదు. దండిగా ముంచుకుంది. వెలుగు పోయేలోపు అయిపోయింది. నర్సమ్మ చాలాసేపు చూసింది.

"ఇది ఈ పూటదే కదా?"

"ఈ పూటదే."

ఆదివారం ఆరింటికి వ్యానొచ్చింది. ఆమె బట్టలు తెచ్చి పెట్టెలో పేర్చింది. "వాసనొస్తోందేమిటయ్యా?" అంటే, "రెండ్రోజులుంటుంది" అన్నాను. నలభై రెండేళ్ళ అలవాటు. మూత మూల మీద కణుపుతో తాకి చూశాను. ఆరింది. ఆమె కోటు అన్నిటి మీదా పెట్టి రెండు చేతులతో సవరించింది. పెట్టె నిండిపోయి మూత పడలేదు. నేనే మోకాలు పెట్టి నొక్కి గొళ్ళెం వేశాను.

"మొక్కలకి నీళ్ళు పొయ్యి" అంది.

"పోస్తాను."

"పోస్తావులే. మాటలైతే మర్చిపోతావు గానీ" అని వ్యానెక్కింది.

వ్యాను వెళ్ళాక నీళ్ళు పోశాను. గది ఊడ్చాను. బ్రష్షులు కడిగాను. తొమ్మిదింటికి, గోడకి ఆనించి ఉన్న నిన్నటి రేకు ముక్క తీసి పక్కన పెడదామని పట్టుకుంటే బొటనవేలు పువ్వులోకి దిగింది.

తడి. పైపొర కూడా కట్టలేదు.

మూత మూల ఎందుకారిందో అప్పుడు తెలిసింది. మూల మీద ఉన్నది ఆరు రోజుల కిందటి బూడిదరంగు. షాపులో అడుగు రంగూ పువ్వూ ఒకే పూట వేసేవాళ్ళం, మూల ఆరితే పువ్వూ ఆరినట్టే. కొత్తగా పనిలో చేరినవాడైతే పువ్వునే ముట్టుకుని చూసేవాడు. నేను మూలని తాకాను. తాకి, మోకాలితో నొక్కి, ఆ తడిని తెల్ల కోటు మీద కప్పాను.

టర్పెంటైను సీసా, గుడ్డపీలికలు ఒక ఖాళీ డబ్బాలో వేసుకుని బయల్దేరాను. చంద్రకాంతల పక్కనుంచి పోతూ, మిరియాల్లా నల్లగా రాలి ఉన్న గింజలు నాలుగు ఏరి జేబులో వేసుకున్నాను. ఎందుకో అప్పుడు తెలియదు.

అడ్రసు నా దగ్గర లేదు. కాగితం ఆమె తీసుకుపోయింది. బస్సు స్టాండులో కౌంటరు అతన్ని పెన్ను అడిగి, జేబులో ఉన్న పాత టిక్కెట్టు వెనక కుడిచెయ్యి పెట్టాను. శుక్రవారం గీసిన గీతలన్నీ వరసగా గీసేసింది, అంతస్తుతో సహా. అతను పైకి చదివి, "అయిదు గంటల దారి పెద్దాయనా, మధ్యలో బస్సు మారాలి" అన్నాడు. ఏది రాశానో నేను అప్పుడు విన్నాను.

దారంతా వాన. రెండో బస్సు ఆలస్యమైంది. టర్పెంటైను వాసనకి పక్క సీటావిడ లేచి వెళ్ళిపోయింది. నేను ఒకటే లెక్కేసుకున్నాను. సాయంత్రం లోపు తుడిస్తే చాలావరకు పోతుంది. ఒక రాత్రి గడిస్తే బట్టలోకి దిగిపోతుంది. తర్వాత దాన్ని దేవుడు కూడా తియ్యలేడు.

తలుపు ఆమె చెల్లెలు తీసింది. అదే ముక్కు, కొంచెం లావు.

"ఎవరండీ?"

"పెట్టె" అన్నాను.

"ఏ పెట్టె?"

లోపలి నుంచి నర్సమ్మ గొంతు వినిపించింది. "పెయింటరు. రానీవే. అంతకంటే పెద్ద మాటలు రావు."

కిటికీ కింద పెట్టె. దాని ముందు కుర్చీలో ఆమె. గొళ్ళెం ఇంకా తియ్యలేదు. గోడ గడియారం అయిదుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆమె నన్ను చూసింది, డబ్బాని చూసింది.

"పూసే వేళకి తీద్దామని కూర్చున్నా. ఏమైంది?"

"తడి" అన్నాను. "మూల చూశాను. పువ్వు చూడలేదు. కోటు..." ఆగిపోయాను. తర్వాత ఎలాగో అన్నాను. "తప్పు నాది. మేస్త్రి చెప్పాడు. నేనే విన్లేదు."

ఆమె నన్ను ఒకసారి ఎగాదిగా చూసింది, వార్డులో రోగిని చూసినట్టు. "తియ్యి."

గొళ్ళెం తీసి మూత ఎత్తాను. కోటు మూతతో పాటు లేచింది. ఒక క్షణం వేలాడి, సన్నగా చప్పుడు చేస్తూ ఊడి కింద పడింది.

చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో అక్కా. దాన్ని చంటిపిల్లలా చూసుకున్నావే. ఏమయ్యా, ఇన్నేళ్ళ పనివాడివి..."

"నువ్వుండవే" అంది నర్సమ్మ.

కోటు తీసి ఒళ్ళో పరిచింది. ఎడమవైపు జేబు పైన పువ్వు. మూత మీదిదే, ఎదురు తిరిగి ఉంది. నిండా పసుపున్న పక్క ఇటొచ్చింది. మూత మీద పల్చగా నీడలాంటిది మిగిలింది. నేను టర్పెంటైను మూత తీసి గుడ్డ తడిపాను.

"ఇప్పుడైతే పోతుంది. కొంచెం మసక ఉంటుంది. రేపైతే పోదు."

ఆమె నా మణికట్టు పట్టుకుంది, నాడి చూసేవాళ్ళు పట్టుకున్నట్టు. "ఆగు. ముందు చూడనీ."

చూసింది. నేనూ చూశాను. నా ఎడమచేతి వంకరలన్నీ బట్ట పీల్చేసుకుంది. దండిగా పెట్టిన చోట్ల రంగు పరుచుకుని అంచులు మెత్తబడ్డాయి. వాన వెలిశాక ఆ పువ్వు ఆ గోడ ముందు ఎలా ఉందో అలా ఉంది. అది నేను వెయ్యలేదు. కానీ నా చేతి మీదుగానే వచ్చింది.

"నువ్వేమంటావు?" అంది.

నలభై రెండేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. పెట్టెలు కొనేవాళ్ళు మూత తట్టి చూస్తారు, గొళ్ళెం లాగి చూస్తారు. అంతే.

"ఉంచండి" అన్నాను.

ఆమె చెల్లెలి వైపు తిరిగింది. "ఇన్నేళ్ళలో రక్తం మరకే నిలవనివ్వలేదే దీని మీద. ఇది నిలిచింది. ఇలాగే తొడగండి. కడిగి తొడిగారో, లేచి కూర్చుంటా."

"అలాంటి మాటలు మాట్లాడకక్కా."

"సీసాకి మూత పెట్టవయ్యా, ఇల్లంతా కంపు."

మూత పెట్టాను. కోటు ఆరడానికి కుర్చీ వీపుకి తగిలించింది. ఆరిపోయేదాకా మడత పెట్టొద్దని చెప్పాను. మూడు రోజులన్నాను. నాలుగు ఉంచుతానంది. చెల్లెలు టీ ఇస్తే తాగాను. ఆఖరి బస్సు ఏడింటికి.

లేచేటప్పుడు సీసా, గుడ్డలు సంచిలో వేసుకుని ఖాళీ డబ్బా గుమ్మం పక్కన పెట్టాను. జేబులో గింజలు తీసి అందులో వేశాను. రేకు అడుగున చప్పుడైంది. ఆమె కుర్చీలోంచే తొంగి చూసింది.

"మట్టి?" అంది.

డబ్బా వంచి చూశాను. నాలుగు గింజలే.

"సరే, మట్టి నేను చూసుకుంటా. మేకుందా?"

సంచిలో వెతికితే ఒకటి దొరికింది. ఇచ్చాను.

మరునాడు షాపుకెళ్ళాను. నాలుగో పెట్టె దగ్గర ఓనరు వచ్చి నిలబడ్డాడు. "బాబాయ్, ఇదేంటి ఇలా వంకరగా అంటించావు?" చూసుకుంటే స్టిక్కరు ఎడమచేతిలో ఉంది. "చూపు తగ్గిందా?" అన్నాడు. లేదన్నాను. ఊడదీసి సరిగ్గా అంటించాను.

ఇంటికొచ్చేసరికి అయిదు. ఎదుటి గదికి తాళం, గుమ్మం పక్క నేను డబ్బాలు పెట్టే చోటు ఖాళీగా ఉంది. కుళాయి కారుతోంది. నీళ్ళు పట్టి ఒక్కో డబ్బాకీ పోశాను. పీట వేసుకుని కూర్చుని రేకు ముక్క ఒడిలో పెట్టుకున్నాను. శుక్రవారం పూలు చితికిన కొమ్మకే కొత్త మొగ్గలు, ఎరుపొకటి, పసుపు రెండు, మెలి విప్పుకుంటున్నాయి. ఆమె వెళ్ళిందని వాటికెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. బ్రష్షు ఎడమచేతిలోకి మార్చుకున్నాను.